డెల్కోలో పెట్టిన బొట్లు

ఆయుధ పూజ అయిన మూడో రోజు పొద్దున రామాంజనేయులు కారు ఐదోసారికి గాని స్టార్టు కాలేదు. స్టార్టయ్యాక కూడా సుఖం లేదు. ధర్మవరం రైలు గేటు దగ్గర ముందున్న లారీ కదిలి, డ్రైవరు యోహాను గేరు వేసి క్లచ్చి వదిలితే, కారు నాలుగడుగులు పోయి ఎవరో వెనకనుంచి చొక్కా పట్టి గుంజినట్టు ఆగింది. మళ్లీ ఎగిరి ముందుకు పడింది. సైలెన్సరులోనుంచి టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. గేటు దగ్గర వేరుశనక్కాయలు అమ్మే ఆడమనిషి ఉలిక్కిపడి గంప పట్టుకుంది.

"ఏమిరా యోహానూ, కారు తోలుతాండావా, గుర్రం తోలుతాండావా?" అన్నాడు ముందు సీట్లో ఉన్న రామాంజనేయులు.

"మిస్సింగ్ కొడతాంది సామీ. నాలుగు సిలిండర్లలో ఒకటో రెండో సరిగా కాల్తాండలేదు."

"కాలదు. పెట్రోలు పోస్తే కాల్తాది. కిరసనాయిలు పోస్తే యాడ కాల్తాది?"

ఈ మాట నెల నుంచీ నడుస్తోంది. బత్తలపల్లిలో ఎవరో రామాంజనేయులు చెవిలో వేశారు, నీ డ్రైవరు పెట్రోలు తీసి కిరసనాయిలు కలుపుతాండాడని. ఆ మాట వేసినవాడెవడో యోహానుకు తెలియదు. రామాంజనేయులు చెప్పడు.

"ఈపొద్దు హిందూపురంలో మెకానిక్కు అమీర్‌సాబ్ చేత చూపిస్తా. నీ తప్పని తేలిందనుకో, ఆడనే దిగిపోవల్ల. పదకొండేండ్లు చేసినావని చూడను. ఏసురత్నాన్ని కూడా గుడిసె ఖాళీ చేయమంటా."

"చూపించండి సామీ. నేనూ అదే అంటాండా."

ఏసురత్నం యోహాను భార్య. వాళ్లుండే గుడిసె రామాంజనేయులు కళ్లం పక్కన, రామాంజనేయులు స్థలంలోనే ఉంది. పని పోతే ఇల్లు పోయినట్టే. ఆ సంగతి కారులో ఉన్న ముగ్గురికీ తెలుసు.

మూడో మనిషి కీర్తన, రామాంజనేయులు కూతురు. పదమూడేళ్లది. మిగిలిన దసరా సెలవులు చిన్నమ్మ ఇంట్లో గడుపుదామని హిందూపురం బయలుదేరింది. వెనక సీట్లో బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మామూలుగానే ఆ పిల్ల మాట్లాడదు. బళ్లో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికే 'ఉన్నాను సార్' ముందు బెంచీ వాళ్లకు కూడా వినబడదు. పంతులు తలెత్తి, మొహం చూసుకుని, టిక్కు పెట్టుకుంటాడు. ఇప్పుడైతే కారు దగ్గిన ప్రతిసారీ ఆమెకు ఒకటే కనిపిస్తోంది. బానెట్టు కింద, డెల్కో మూత లోపల, తను పెట్టిన ఐదు బొట్లు.

డెల్కో అంటే ఏమిటో ఆమెకు చెప్పింది యోహానే. ఎండాకాలం సెలవుల్లో అతను బానెట్టు లేపి పని చేసుకుంటుంటే పక్కన నిలబడి చూసేది. మాట్లాడని పిల్ల కాబట్టి అతనే మాట్లాడేవాడు. "ఇది చూడు పాపా, కాయిలు కాన్నుంచి కరెంటు ఈడికొస్తాది. లోపల రోటరు తిరుగుతా నాలుగు ప్లగ్గులకూ వంతులేసి పంచుతాది, హాస్టల్లో వార్డెను గెరిటతో అన్నం వడ్డిస్తాడే, అట్ల. ఈడ తేడా వచ్చిందంటే బండి బండి కాదింక." రెండు స్ప్రింగు క్లిప్పులు వేలితో తోసి మూత ఎట్లా తీయాలో కూడా చూపించాడు. ఆ ఇంట్లో ఆమెకు ఎవరైనా ఏదైనా పని నేర్పించారంటే అదొక్కటే.

పూజ రోజున అవ్వ హనుమంతమ్మ పసుపు గిన్నె, కుంకుమ గిన్నె మనవరాలి చేతికి ఇచ్చింది. "స్టీరింగుకు పెట్టు, చక్రాలకు పెట్టు, ఇంజనుకు పెట్టు. ఏ ఒక్కటీ ఇడిసిపెట్టవాకు. అన్నిట్లోనూ అమ్మ ఉండాది" అంది. తెల్లారుజామునే కారు కడిగి తుడిచి తెచ్చి నిలిపిన యోహానును మాత్రం, "పూజ అయ్యేదాంకా ముట్టుకోవాకప్పా, దూరం నిలబడు" అని గడ్డివామి దగ్గరికి పంపింది. అతను చర్చికి పోయే మనిషి. ఏటా అంతే, అతనే కడుగుతాడు, అతనే దూరం పోతాడు.

అవ్వ గుమ్మడికాయ కొట్టడానికి ముందుకు పోయినప్పుడు కీర్తన రెండు క్లిప్పులూ తోసి డెల్కో మూత తీసింది. అన్నిట్లోనూ అమ్మ ఉంటే, ముందు ఇక్కడే ఉంటుంది కదా అనుకుంది. మూత లోపల చుట్టూ నాలుగు ఇత్తడి మొనలు, మధ్యన ఒకటి. ఐదింటికీ ఉంగరం వేలితో తడి పసుపు పూసి, మీద కుంకుమ అద్దింది. మూత పెట్టి క్లిప్పులు బిగించింది. ఈ బండిలో దేవి ఎక్కడుందో తనకొక్కదానికే తెలుసు అనుకుని ఆ పొద్దంతా సంతోషంగా ఉంది.

పూజ చేసిన బండిని రెండు రోజులు కదిలించకూడదని అవ్వ పట్టుదల. అందుకే ఈ రోజు దాకా తెలియలేదు.

పెనుకొండ చేరేసరికి కారు ఆయాసపడుతోంది. బస్టాండు దగ్గర ఆపి యోహాను బానెట్టు లేపాడు. వైర్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి, డెల్కో మీద చెయ్యి వేశాడు. కీర్తన కిటికీలోనుంచి వంగి చూసింది. అతను తీస్తే చూస్తాడు, చూస్తే తుడిచేస్తాడు, ఎవరికీ ఏమీ చెప్పడు. అంతటితో అయిపోతుంది.

"ముట్టుకోవాకు!" అని అరిచాడు రామాంజనేయులు. "చేసిన దొంగతనం నువ్వే సర్దుకుందామనా? సాబు చూసేదాంకా బానెట్టు తెరిచినావంటే చెయ్యి విరుస్తా."

యోహాను బానెట్టు మూశాడు. రామాంజనేయులు సోడా తాగడానికి అంగడి వైపు పోయాడు. కారు దగ్గర వాళ్లిద్దరే మిగిలారు.

"ఏం పాపా, అట్లుండావు? వాంతి వస్తాందా? కిటికీ పక్కకు జరుగు."

కీర్తన నోరు తెరిచింది. "యోహానూ," అంది. ఆ ఇంట్లో అందరూ అట్లాగే పిలుస్తారు, నలభై ఏళ్ల మనిషిని ఆమె కూడా అట్లాగే పిలుస్తుంది. "అదీ..."

"చెప్పు పాపా."

సోడా బుడ్డి కొట్టిన చప్పుడు వినిపించింది. నాయన మూతి తుడుచుకుంటూ వస్తున్నాడు. ఆమె తల దించుకుని సంచి తాడు వేలికి చుట్టుకుంది.

అమీర్‌సాబ్ షెడ్డు హిందూపురంలో చింతపండు మండీల వెనక ఉంది. నాలుగు రేకులు, ఒక గుంత, ఎదురుగా టీ బంకు. అరవై దాటిన మనిషి, గడ్డం నెరిసింది. పెట్రోలు బండ్లకు ఆ చుట్టుపక్కల ఆయన మాటే మాట. మండీ హమాలీలు టీ బంకు బల్ల మీద వరుసగా కూర్చుని ఉన్నారు. అంబాసిడరు దగ్గుకుంటూ వచ్చి ఆగితే వాళ్లకు కాలక్షేపం దొరికింది.

"ఏమప్పా, ఇంత దూరం తెచ్చినారు దీన్ని? పాపం, ఆస్పత్రికి పోవల్సిన ముసల్ది" అన్నాడు అమీర్‌సాబ్.

"ఆస్పత్రే సాబూ. దీనికి విషం పెడతాండారు. అదేందో నువ్వు చెప్పల్ల." రామాంజనేయులు గొంతు బల్ల దాకా వినబడేట్టు ఉంది. "మా డ్రైవరు కిరసనాయిలు కలుపుతాండాడు."

అమీర్‌సాబ్ యోహాను మొహం చూశాడు. కార్బొరేటరు పైపు ఊడదీసి, పాత క్యాలెండరు కాగితం మీద నాలుగు చుక్కలు పడేశాడు. కాగితాన్ని ఎండలో పట్టుకున్నాడు. పెట్రోలైతే మరక లేకుండా ఆరిపోతుంది, కిరసనాయిలైతే జిడ్డు నిలుస్తుంది. అందరూ కాగితం వైపు చూశారు. తడి అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి మాయమైంది. కాగితం తెల్లగా మిగిలింది.

"నూనె లేదప్పా. సుద్దమైన పెట్రోలు."

యోహాను మొహం తేటపడింది. కీర్తన తలుపు తీసుకుని కారు దిగింది. అయిపోయింది, ఇంక చెప్పకపోయినా ఫరవాలేదు అనుకుంది.

రామాంజనేయులుకు మాత్రం అది రుచించలేదు. పదిమందిలో అన్న మాట పోయింది. "మొన్న పూజకని నేనే ఫుల్లు ట్యాంకు పోయించినా గదా, అది ఉంటాది. సరే సాబూ, అసలు జబ్బు చూడు. వీడు ఏందో ఒకటి చేసింటాడు."

ఇంజను స్టార్టు చేయించి అమీర్‌సాబ్ చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత ఒక్కో ప్లగ్గు వైరూ పీకి చూస్తానన్నాడు. మంచి సిలిండరు వైరు పీకితే ఇంజను ఇంకా కుంటుతుంది, చెడ్డదాని వైరు పీకితే తేడా తెలియదు. ఆయన పిడికి గుడ్డ చుట్టిన ప్లేరు చేతికి తీసుకున్నాడు.

"ప్లేరెందుకు సాబూ, మావోడు ఉండాడు గదా" అన్నాడు రామాంజనేయులు. "యోహానూ, పట్టుకోరా. కరెంటు ఎంత వస్తాందో ప్లేరు చెప్తాదా? నువ్వైతే చెప్తావు."

"మనిషెందుకప్పా, జల్లుమంటాది" అన్నాడు అమీర్‌సాబ్.

"చావడులే. తప్పు చేయనోనికి భయమేల?"

బల్ల మీద ఒకడు నవ్వాడు. యోహాను తన సామి మొహం చూశాడు, చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు, మొదటి వైరు పట్టుకుని పీకాడు. మోచెయ్యి తనంతట తానే లేచి బానెట్టు అంచుకు కొట్టుకుంది.

"ఎట్లుండాదిరా?"

"ఉండాది సామీ."

"ఎంతుండాది?"

"బాగానే ఉండాది సామీ."

"రెండోది పట్టుకో."

రెండోదానికి అతను ఒంటికాలి మీద ఎగిరాడు. భుజం మీది తువ్వాలు జారి గుంతలో పడింది. "ఏమబ్బా, డాన్సు బాగుండాది, ఇంగోసారి!" అన్నాడు హమాలీల్లో ఒకడు. బల్లంతా గొల్లుమంది. కీర్తన నవ్వింది. ఎందుకు నవ్విందో ఆమెకే తెలియదు. అతను ఎగిరిన తీరుకు నవ్వు తన్నుకొచ్చింది, చేత్తో మూతి మూసుకునేలోపల బయటపడింది. బళ్లో ఎవరికీ వినబడని గొంతు ఆ షెడ్డులో అందరికీ వినబడింది. యోహాను తలతిప్పి ఆమెను చూశాడు. మళ్లీ ఇంజను వైపు తిరిగి మూడో వైరు పట్టుకున్నాడు.

మూడోది, నాలుగోది పట్టుకున్నప్పుడు చెయ్యి ఉన్నట్టుండి అదిరి, ఉన్నట్టుండి ఊరుకుంది. "ఈ రెండిట్లో ఇడిసి ఇడిసి వస్తాంది సామీ" అన్నాడు. పెదవి కొరుక్కున్నాడేమో, పంటికి రక్తం అంటింది.

అమీర్‌సాబ్ ఇంజను ఆపించాడు. "చాల్లేప్పా, ఇంగ నన్ను చూడనీ." మూడు, నాలుగు ప్లగ్గులు విప్పితే నల్లగా, తడిగా ఉన్నాయి. వాటిని ఒకటి, రెండు ప్లగ్గుల స్థానంలోకి మార్చి చూశాడు. ప్లగ్గులు మారినా జబ్బు మారలేదు, మూడు నాలుగులోనే ఉంది. వైర్లు మార్చాడు. అయినా అక్కడే ఉంది. "ప్లగ్గులు కాదు, వైర్లు కాదు. పంచేవాని కాడ ఉండాది తేడా" అంటూ డెల్కో మీదికి వంగాడు.

క్లిప్పులు ఒకటి తర్వాత ఒకటి టక్కుమన్నాయి. అమీర్‌సాబ్ మూత తిప్పి వెలుగులో పట్టుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"పసుపు" అన్నాడు. "పసుపు, కుంకుమ. లోపలంతా కారి, మూడుకూ నాలుగుకూ మధ్యన మాడి, నల్లగీత పడిండాది. ఆ గీత మీదగా కరెంటు దారి తప్పి పోతాంది." ఆయన తన బొటనవేలిని ఒక బొట్టు పక్కన పెట్టి చూశాడు. "వేలు సన్నంగా ఉండాదే..."

"సాబూ, నీ పని నువ్వు చూసుకో" అన్నాడు రామాంజనేయులు.

అమీర్‌సాబ్ బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు.

"డెల్కో తెరిచేది ఈ భూమ్మీద ఎవరు? వీడొక్కడే. పూజలో దూరం నిలబెట్టినామని కడుపుమంట. మా పసుపు కుంకాలు తీసి మా బండికే చేటు చేసినావేంరా?"

యోహాను మూతలోకి చూశాడు. ఐదు బొట్లు, ఐదూ ఒక్క తీరుగా, శ్రద్ధగా, మొన మొనకూ ఒకటి. అతనికి వెంటనే అర్థమైంది. కీర్తన వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె చెబుతుందేమోనని ఆగాడు. ఆమె కారు తలుపు పిడి పట్టుకుని నిలబడి ఉంది. చెప్పాల్సిన మాట పొట్టిది, 'నేనే' అంటే చాలు.

చివరికి అతనే, చాలా మెల్లగా అన్నాడు. "సామీ, పాప పెట్టిండొచ్చు. డెల్కో తీసేది నేనే చూపించినా ఒగసారి. చిన్నపిల్ల, భక్తితో పెట్టిండాది. ఏమీ అనొద్దండి."

రామాంజనేయులు కూతురి వైపు తిరిగాడు. గొంతు మెత్తగా చేసుకున్నాడు. "ఏమ్మా, నువ్వు పెట్టినావా?"

బల్ల మీదివాళ్లు, టీ బంకువాడు, అమీర్‌సాబ్, అందరూ ఆమెనే చూస్తున్నారు. పుట్టినప్పటి నుంచీ అంతమంది ఒక్కసారిగా ఆమెను చూసింది లేదు.

కీర్తన తల అడ్డంగా ఊపింది. ఒక్కసారి. అంతే.

రామాంజనేయులు చెయ్యి ఎత్తడం ఎవరూ చూడలేదు, చప్పుడు మాత్రం విన్నారు. యోహాను రేకుకు తగిలి నిలదొక్కుకున్నాడు. "పసిపిల్ల మీద తోస్తావా, నా కొడకా? నా ఉప్పు తిని నా బిడ్డ మీద తోస్తావా?"

"సామీ, నా మాట..."

"ఇంగేం మాట. ఆ కాకీ చొక్కా నేను కుట్టించింది. ఇప్పు."

హమాలీలు నవ్వడం ఆపేశారు. వాళ్లలో పెద్దవాడు "వద్దప్పా, పాపం" అన్నాడు. రామాంజనేయులు చెయ్యి చాచి నిలబడ్డాడు. యోహాను గుండీలు విప్పాడు. కరెంటు పట్టుకుని వేళ్లు మొద్దుబారాయి కాబట్టి ఆలస్యమైంది. చొక్కా మడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. బనియను వీపున చిరిగి ఉంది.

"ఏసురత్నానికి ఏమని చెప్పల్ల సామీ?"

"ఆదివారానికి గుడిసె ఖాళీ చేయమని చెప్పు."

అతను గుంతలోకి దిగి తువ్వాలు తీసుకుని, భుజాల మీద కప్పుకుని, మండీల సందులోనుంచి నడిచిపోయాడు.

అమీర్‌సాబ్ పెట్రోలు గుడ్డతో మూత తుడిచాడు. బ్లేడు మొనతో నల్లగీతను గీకాడు. ఆ పనంతా అయ్యేదాకా ఎవరి మొహమూ చూడలేదు. మూత బిగించి స్టార్టు చేస్తే కారు కుట్టుమిషను తీరుగా తిరిగింది. "లోపల పెట్టొద్దండి బొట్లు" అన్నాడు చేతులు తుడుచుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు. "బయట ఎన్నైనా పెట్టుకోండి."

రామాంజనేయులే స్టీరింగు ముందు కూర్చున్నాడు. కీర్తనను ముందు సీట్లోకి రమ్మన్నాడు. మండీలు దాటి, చిన్నమ్మ ఇంటి వైపు పోయే పెద్ద రోడ్డెక్కారు. కారు ఒక్క కుదుపు లేకుండా పోతోంది.

"నాయనా," అంది కీర్తన. ఇప్పుడు గొంతు వచ్చింది. "నేనే పెట్టినా."

రామాంజనేయులు హారను కొట్టి ఎద్దులబండిని దాటాడు. "తెలుసులే" అన్నాడు.

ఆమె నాయన మొహం చూసింది.

"ఆ వేలు ఎవరిదో నాకు తెలీదా? మూత చూస్తానే తెలిసింది. నలుగుర్లో తలూపినావు చూడు, అది మంచి పని చేసినావు. నోరు లేని పిల్ల, ఎట్ల బతుకుతాదో ఏమో అనుకుంటాంటి. ఫరవాల్యా."

"మరి యోహానూ..."

"కిరసనాయిలు కలుపుతాండాడని నెల్నుంచీ ఊరంతా చెప్పినా. ఇప్పుడు కలపలేదు, పసుపు పూసింది నా కూతురే అని ఆ హమాలీల ముందర ఒప్పుకొని, వాన్ని పక్కన కూర్చోబెట్టుకొని ఊరికి పోవల్లనా? నవ్వరూ?" గేరు మార్చి, "మీ అవ్వకు చెప్పవాకు. పూజ చెడిందని ఏడుస్తాది" అన్నాడు.

బస్టాండు ఇంకా దూరముందనగా రోడ్డు పక్కన యోహాను కనిపించాడు. ఎండలో తువ్వాలు తల మీదికి తీసుకున్నాడు. రామాంజనేయులు బ్రేకు వేశాడు. నాయన మనసు మారిందని కీర్తన అనుకుంది.

"వాని సద్దిగిన్నె ఉండాది వెనక సీటు కింద. ఇచ్చిరా పో. మనకెందుకు అది."

ఆమె గిన్నె తీసుకుని దిగింది. మూత తీయని గిన్నె, లోపల సంగటి బరువు తెలుస్తోంది. యోహాను ఆగి ఉన్నాడు. అతని చెంప మీద మూడు వేళ్ల వాపు కనిపిస్తోంది. గిన్నె అందుకునేటప్పుడు అతని చెయ్యి ఆమె చేతికి తగలకుండా జాగ్రత్తపడ్డాడు, ఎప్పటిలాగే. వెనక కారు ఇంజను నడుస్తోంది, కిటికీలోనుంచి నాయన చూస్తున్నాడు.

యోహాను తల వంచి కాసేపు ఆ ఇంజను విన్నాడు.

"బండి ఎట్ల పోతాంది పాపా ఇప్పుడు?"

"బాగా పోతాంది" అంది కీర్తన.